కొండ వాళ్లని అడగకుండా మొక్క నాటొద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చాలా మటుకు వానలు, ఎండలు, పోడు, కొండ ఊళ్ల గురించే ఉన్నాయి. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల తెలుగు వాళ్లతో పాటు మహారాష్ట్రలోని సిరొంచ నుంచి కూడా ఒకరు రాశారు. అందుకని మామూలు ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగైపోయాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: అక్కా, ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి గుణుపురం దగ్గర ఒక సంస్థలో చేరాను. ఆదివాసీలైన కోదుల ఊళ్లలో, సవరల ఊళ్లలో వాతావరణ మార్పు మీద అవగాహన సదస్సులు పెట్టమన్నారు. ఫ్లెక్సీ, ప్రొజెక్టర్ అన్నీ ఇచ్చారు. నేను మాట్లాడుతుంటే ఆడవాళ్లు మర్యాదగా వింటారు, అయిపోగానే లేచి పనికి పోతారు. వాళ్లకి నాకంటే ఎక్కువే తెలుసేమో అనిపిస్తోంది. నెలాఖరుకి రిపోర్టు రాయాలంటే టెన్షన్. ఏం చేయమంటారు? (గుణుపురం నుంచి ఒక చెల్లి)

జవాబు: నీకు అనిపించింది నిజమే చెల్లీ. వాన గతి తప్పిందని వాళ్లకి ఫ్లెక్సీ పెట్టి చెప్పక్కర్లేదు. విత్తు చల్లాక చినుకు పడకపోతే మొలక ఎండిపోయేది వాళ్ల కొండ మీదే, మళ్లీ విత్తనం కోసం ఇంకో ఇంటి గడప తొక్కాల్సింది ఆ ఆడవాళ్లే. ముందు ఆ ప్రొజెక్టర్ ఆఫీసులో పెట్టేసెయ్. వాళ్లు పని చేసుకునే చోటికే వెళ్లి కూర్చుని అడగడం మొదలుపెట్టు. ఏ పంట మానేశారు, ఎప్పటి నుంచి, ఎందుకు? ఎండాకాలం కూడా పారే ఊట ఇప్పుడు ఏ నెలకి ఆగిపోతోంది? ఇప్ప పువ్వు రాలే రోజులు మారాయా? అడవి దుంపల కోసం ఇదివరకటి కంటే ఎంత దూరం పోతున్నారు? వీటికి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే, నీకిచ్చిన ట్రైనింగ్ పుస్తకంలో లేనంత విషయం నీ చేతిలో ఉంటుంది.

బిస్సంకటక్ వైపు ఒక కోదు అవ్వ ఇంట్లో నేను చూసింది చెప్తాను. పొయ్యికి పైన వెదురు అటక. దాని మీద ఎండిన సొరబుర్రలు, మూతికి ఆకులు కుక్కి మట్టి మెత్తి ఉన్నాయి. పక్కన చోళ్ల (రాగి) కంకులు, కొర్ర కంకులు కట్టలు కట్టి దూలానికి వేలాడదీసింది. రోజూ వంట పొగ తగిలి అన్నీ నల్లబడ్డాయి, ఆ పొగ వల్లే పురుగు పట్టదు. కందులు బూడిదలో కలిపి దాచింది. ఒక్కో బుర్ర దించి చెప్పుకుంటూ పోయింది: ఇది ముందే కోతకొచ్చే సామ, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని రోజుల్లో పిల్లల కడుపు నింపేది ఇదే, ఈ కొర్రకి కంకి నిండా మీసాలు, పిట్టలు ముట్టవు, ఈ చోడి రాళ్ల నేలలో కూడా నిలుస్తుంది. ఇవన్నీ ఒకే వాలు మీద కలిపి చల్లుతారు. దారిన పోయేవాళ్లకి గందరగోళంగా కనపడుతుంది గానీ అందులో లెక్క ఉంది. తొలకరి మోసం చేసినా తర్వాతి వానకి చోడి కోలుకుంటుంది, అదీ పోతే చలికాలం మంచుకి కంది కాస్తుంది, మొత్తం చెడిన ఏడాది ఆముదం గింజలైనా సంతకి వెళ్తాయి. వాతావరణ మార్పుని తట్టుకునే వ్యవసాయం అని మనం ప్రాజెక్టు కాగితాల్లో రాసేది దీన్నే, మళ్లీ దాన్నే ఆ అవ్వకి నేర్పుతామని బయల్దేరుతున్నాం. అది తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇది నా అభిమానం కొద్దీ అంటున్నది కాదు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లోనే ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అదే జిల్లాలో పాత వరి రకాలు కాపాడిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక చోళ్లు మద్దతు ధరకి కొంటున్నారు. నీ చదువు సంగతికొస్తే, ప్రపంచ సోషల్ వర్క్ సంఘాలు 2014లో ఒప్పుకున్న నిర్వచనంలోనే ఆదివాసీ జ్ఞానం ఈ వృత్తికి ఒక ఆధారమని స్పష్టంగా ఉంది. మీ పైవాళ్లు అడిగితే అది ప్రింటు తీసి చూపించు.

అలాగని పెద్దవాళ్లకి అన్నీ తెలుసు, మనం చేసేదేం లేదని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. చీమల్ని, పిట్టల్ని, గాలిని చూసి వాన చెప్పగలిగిన ముసలివాళ్లే ఇప్పుడు గుర్తులు కలవడం లేదంటున్నారు. వాతావరణ శాఖ ఇచ్చే సూచన వాళ్లకి కోదుల కువి భాషలోనో సవర భాషలోనో ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా అందితే విత్తు రెండు రోజులు ఆపుకోవచ్చు, ఆ ఏర్పాటు నువ్వు చేయగలవు. 2015 పారిస్ ఒప్పందం ఏడో అధికరణంలో కూడా సైన్సుతో పాటు ఆదివాసుల జ్ఞానాన్నీ ఆధారంగా తీసుకోవాలనే ఉంది. ఇక రిపోర్టులో హాజరు లెక్కతో పాటు ఏ విత్తనాలు పోయాయి, అవి ఇంకా ఏ ఊళ్లో ఉన్నాయి, పల్లి సభలో (ఒడిశాలో ఊరి గ్రామసభ) ఏం తీర్మానించారు, ఇవి రాయి. ఒక ఊళ్లో పోయిన సామ పక్క లోయలో ఉందని తెలిస్తే ఆ ఇద్దరు ఆడవాళ్లనీ సంతలో కలుపు. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ప్రశ్న: మాస్టారుగా పని చేసి రాయగడలో రిటైరయ్యాను. ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి చుట్టూ కొండలు తగలబడుతుంటాయి. అడవిని కాల్చి పోడు చేసేవాళ్లే ప్రకృతి రక్షకులని మీలాంటి వాళ్లు రాస్తుంటే మింగుడు పడటం లేదు. నిజం చెప్పండి. (రాయగడ)

జవాబు: మాస్టారూ, మీకు కనిపిస్తున్న పొగ నిజమే, వాలు నేలలో మట్టి కొట్టుకుపోవడమూ నిజమే. దాన్ని నేను కప్పిపుచ్చను. కాకపోతే పోడులో కాల్చడం ఎంత ముఖ్యమో వదిలేయడం అంతకంటే ముఖ్యం. రెండు మూడేళ్లు పండించి ఆ కొండని బీడు పెట్టి పక్క కొండకి పోతారు. మొద్దుల్ని మొదలంటా నరకరు, నడుమెత్తున వదులుతారు, వానలకి అవి చిగురుస్తాయి. ఇప్ప, మామిడి, చింత, పనస, జీలుగ చెట్లని ముట్టరు. బీడు చాలా ఏళ్లు ఉంటే అడవి మళ్లీ లేస్తుంది. ఇప్పుడు ఆ బీడు రోజులు తగ్గిపోయాయి, చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకు తగ్గాయి? మాచ్‌ఖండ్, ఎగువ కొలాబ్, ఇంద్రావతి జలాశయాల కింద ఎన్ని ఊళ్లు మునిగాయో మీ తరం వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. గనులకి, ఫ్యాక్టరీలకి, రిజర్వు ఫారెస్టు గీతలకి, తోటల పెంపకానికి పోగా మిగిలిన కొండల మీదే అన్ని కుటుంబాలూ తిరగాలి. పైగా ఇప్పుడు జిల్లాలో కొండవాలు మీద కూడా పత్తి వేస్తున్నారు, విత్తనమూ అప్పే, మందూ అప్పే, కలుపు మందు కొట్టిన చోట ఆడవాళ్లు ఏరుకునే ఆకుకూర కూడా మొలవదు. చోడి, సామ, కంది కలిపి చల్లిన పోడునీ, ఒక్క పత్తి వేసిన వాలునీ వాన వెలిసిన మర్నాడు వెళ్లి పక్కపక్కన చూడండి, నీళ్లు ఏ రంగులో దిగుతున్నాయో తెలుస్తుంది. ఇక మంటల్లో అన్నీ పోడువి కావు. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు, దారిన పోయేవాళ్లు బీడీ పడేస్తారు. కొన్ని ఊళ్లు తమంతట తామే చుట్టూ ఆకులు ఊడ్చి మంట దాటకుండా బాట తీసుకుంటాయి, అలాంటి ఊళ్లకి సాయం కావాలి.

ఇంకో లెక్క కూడా చూడండి. మన దేశంలో సగటు మనిషి ఏడాదికి గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు, అమెరికాలో సుమారు 14 టన్నులు. బైకూ ఏసీ లేని కొండ ఊరి మనిషి వాటా ఆ రెండు టన్నుల్లో కూడా చాలా తక్కువ. ఎండ దెబ్బ, వరద, పంట నష్టం మాత్రం ముందు ఆ ఇంటికే వస్తున్నాయి. వాతావరణ న్యాయం అని మేం అడుగుతున్నది ఈ తేడా గురించే. మీ చేతిలో చదువుంది, ఖాళీ ఉంది, ఒక కొండ ఊరికి హక్కుల దరఖాస్తు రాసిపెట్టండి మాస్టారూ. ఎలాగో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మాది జయపురానికి దగ్గర్లో పల్లె. ఊళ్లో పరజాలు, గదబలు ఎక్కువ, మా తెలుగు ఇళ్లు కొన్ని. పోయిన వేసవిలో సిబ్బంది వచ్చి పోడు కొండ మీద గుంతలు తవ్వి టేకు, నీలగిరి నాటారు. వాతావరణం కోసం అన్నారు. ఊరి వాళ్లని ఎవరూ అడగలేదు. చదువుకున్నవాడినని నన్ను సలహా అడుగుతున్నారు. (కొరాపుట్ జిల్లా)

జవాబు: వాతావరణం పేరు చెప్పినంత మాత్రాన ఊరి హక్కు పోదు, ఇది ముందు అందరికీ గట్టిగా చెప్పండి. ఒక చోట గనికో రోడ్డుకో అడవి పోతే ఇంకో చోట చెట్లు పెంచాలని రూలు, ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి 2016లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ఆ ఇంకో చోటు చాలాసార్లు ఎవరిదో పోడు కొండ అవుతోంది. ఒక కొండ వాళ్ల అడవి పోతుంది, రెండో కొండ వాళ్ల తిండి పోతుంది. నీలగిరి కింద దుంప మొలవదు, పుట్టగొడుగు రాదు, మేక మేయదు, దాన్ని అడవి అనడానికి నాకు నోరు రాదు.

చేతిలో ఉన్న ఆయుధం 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా వ్యక్తిగత హక్కు వస్తుంది, దానికి ఫారం ఎ. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఊరంతా కలిసి వాడుకునే అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు వేరే ఉంది, సెక్షన్ 3(1)(ఐ), దానికి ఫారం సి. ముందు అది వేయించండి. అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో చూడండి, లేకపోతే పల్లి సభలో ఎన్నుకోవాలి. సభలో ఓటర్లు సగం మందైనా ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఈ అంకె తప్పితే తర్వాత తీర్మానం కొట్టేస్తారు, సంతకాలూ వేలిముద్రలూ దగ్గరుండి చూసుకోండి.

సాక్ష్యం ఏముంది అని మనవాళ్లు భయపడతారు. చట్టం కింద వచ్చిన రూల్స్‌లో పదమూడోది చదవండి. దరఖాస్తుదారులు కాని పెద్దలు చెప్పింది రాసుకుంటే అది సాక్ష్యమే. శ్మశానం, పాత బావి, దేవుడి తోపు, అన్నీ సాక్ష్యమే. ముసలివాళ్లతో కొండ చుట్టూ ఒక రోజు నడవండి. వాళ్లు ఆగిన ప్రతి చోటా ఆగి, ఆ బండ పేరేంటి, ఆ వాగు పేరేంటి, ఇక్కడ ఏ పూజ చేస్తారు, అవతల కొండ ఎవరిది అని అడిగి రాయండి. ఫోన్లో జీపీఎస్ పాయింటు తీసుకోండి. పాటల్లో, పూజల్లో ఉన్న హద్దులు ఆ రోజుతో మ్యాపులోకి వస్తాయి. సోషల్ వర్కర్ చేతనైన మంచి పని ఇంతకంటే నాకు తెలియదు. దరఖాస్తు తేలేవరకూ సాగులో ఉన్నవాళ్లని ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెప్తోంది, ఆ ముక్క జేబులో పెట్టుకోండి.

కొండ జనం మాటకి విలువుంటుందా అని ఊళ్లో ఎవరైనా నిరాశగా అంటే నియమగిరి సంగతి చెప్పండి. అక్కడ బాక్సైట్ గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలింది. ఆ జూలై, ఆగస్టుల్లో రాయగడ వైపు 7, కలహండి వైపు 5, మొత్తం 12 ఊళ్లలో సభలు జరిగాయి. డోంగ్రియా కోదులు, వాళ్లతో ఉన్న మిగతా వాళ్లు తమ కొండ దేవుడు నియమరాజు గురించి, వాగుల గురించి, తమ పంటల గురించి చెప్పారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. ఆ కొండల నీళ్లే వంశధారలో, నాగావళిలో కలిసి కింద శ్రీకాకుళం పొలాల దాకా వెళ్తాయి, మన తెలుగు రైతులు కూడా ఆ ఊళ్లకి రుణపడి ఉన్నారని నేను నమ్ముతాను.

ప్రశ్న: మా మామగారు సంతల్లో చింతపండు, చోళ్లు, కందులు కొని అమ్ముతారు. మూడు తరాల వ్యాపారం. మీ పేజీ చదివితే మమ్మల్ని దొంగలంటున్నట్టు ఉంటుంది. వాతావరణానికీ మాకూ ఏం సంబంధం? (మునిగుడ, పేరు వద్దన్నారు)

జవాబు: దొంగలని నేను అనలేదమ్మా, అనను కూడా. సంతకి షావుకారు రాకపోతే చింతపండు కొనే దిక్కుండదని నాకూ తెలుసు. కానీ సంబంధం మాత్రం ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కొండ ఇళ్లలో గింజలుండవు. వాన వెనకబడిన ఏడాది ఆ ఆకలి ఇంకో నెల సాగుతుంది, అప్పుడు షావుకారు దగ్గర అప్పు తీసుకుంటారు, దానికి రాబోయే కందులు ముందే రాసిచ్చేస్తారు. పంట రాగానే మంచి ధర వాళ్లది కాదు. మీ మామగారు వాడేది తూకమా, కొలత డబ్బానా? తూకమైతే కాటా ఆడవాళ్లకి కనపడేలా పెట్టమనండి. ముందస్తు అప్పుకి పంట ధర ఆ రోజే కట్టేయకుండా కోతల నాటి సంత ధర ఇవ్వమనండి. చెట్ల కింద ఏరుకున్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఏరుకున్నవాళ్లదే అని 2006 చట్టంలోనే ఉంది, బేరం మాత్రం ఇంకా అలా జరగడం లేదు. విత్తనానికి దాచుకున్న గింజలు మాత్రం ఎంత అవసరంలో తెచ్చినా కొనొద్దు తల్లీ, బదులుగా రెండు కుంచాలు తిండిగింజలు అప్పివ్వండి. వాళ్లు మర్చిపోరు.

ప్రశ్న: తిత్లీ తుఫాను తర్వాత మా వైపు సవర ఊళ్లకి రిలీఫ్ తీసుకెళ్లాం. మళ్లీ వస్తే ఏం వేరుగా చేయాలి? (పర్లాకిమిడి యువజన సంఘం)

జవాబు: 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీలో గజపతి జిల్లా బరఘరా దగ్గర కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న చోటే జనం చనిపోయారు. అందుకే దుప్పట్ల కంటే ముందు చేయాల్సింది, ఏ కొండ పగుళ్లిస్తోంది, ఏ వాగు ఒక్కసారిగా పొంగుతుంది, ఎక్కడ దాక్కోకూడదు, ఎక్కడికి పోవాలి అని పెద్దవాళ్లతో కూర్చుని ఎండాకాలంలోనే తేల్చుకోవడం. సవరలు రాతి గట్లు పేర్చి కొండవాలుని వరి మడులుగా చేసిన తీరు చూశారు కదా, తెగిన గట్లు మళ్లీ కట్టడానికి కూలి డబ్బు అడగండి, అది బియ్యం మూటకంటే ఎక్కువ రోజులు పనికొస్తుంది. పట్టా లేని పోడుకి పంట నష్టం రాయించడం ఎంత కష్టమో మీరు చూసే ఉంటారు, కాబట్టి ఇక్కడా మళ్లీ హక్కు కాగితమే.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మా పక్క ఊళ్లో వైద్యం చేసే తాత ఉన్నాడు. ఆయన వేర్లు, ఆకులు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే జ్ఞానం అంతరించిపోకుండా ఉంటుంది కదా? (రాయగడ జిల్లా)

జవాబు: నీ మనసు మంచిది బాబూ, కానీ ఆ వీడియో ఇప్పుడే పెట్టకు. సర్పగంధ లాంటి వేరు ఏ కొండ మీద దొరుకుతుందో అందరికీ తెలిస్తే తవ్వుకుపోయేవాళ్లు వస్తారు. తాతకి మిగిలేది ఖాళీ కొండ. ముందు ఆయన్ని అడుగు, ఆయన ఒక్కడినే కాదు, ఆ ఊరి సభనీ అడుగు, ఎందుకంటే కొన్ని మందులు కుటుంబానివి, కొన్ని ఊరివి, కొన్ని బయట చెప్పకూడనివి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అందులో ఏది రాయాలో, ఏది రాయకూడదో ఊరే తేల్చుకోవాలి. 2023లో ఆ చట్టాన్ని సవరించి ఆయుష్ వైద్యులకి, గ్రంథాల్లో ఉన్న జ్ఞానం వాడుకునేవాళ్లకి, ఆ జ్ఞానం ఉన్న జనంతో లాభం పంచుకోవాల్సిన బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు, కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పాత విత్తన రకం ఏదైనా ఉంటే 2001 చట్టం ప్రకారం రైతుల పేరునే రిజిస్టర్ చేయించవచ్చు, దానికి సాయం చెయ్. వీడియో తీసినా ఒక కాపీ తాత మనవల ఫోన్లో ఉండాలి, అందులో మాట ఆయన భాషలోనే ఉండాలి. ఆ పిల్లల్లో ఎవరైనా నేర్చుకుంటామంటే ఆయనతో అడవికి తిరిగే రోజులకి వాళ్ల కూలి నష్టం ఎవరు పెట్టుకుంటారో చూడు, అసలు అవసరం అది.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. తెలుగు మాట్లాడతాం, ఎస్.టి. కాదు. ఊళ్లో గోండులు, మాడియాలు ఉన్నారు. సామూహిక అడవి హక్కులో మాకు చోటుందా, వాళ్లది లాక్కున్నట్టు అవుతుందా? (సిరొంచ)

జవాబు: అడగాలనిపించడమే చాలా మంచి విషయం. సొంత సాగు హక్కుకైతే ఎస్.టి. కాని కుటుంబం 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. సామూహిక హక్కు మాత్రం గ్రామసభది, సభలో పెద్దవాళ్లందరూ సభ్యులే, మీరూ ఉంటారు. మీ జిల్లాలోనే మేండా లేఖా ఊరికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది, 2011 నుంచి తమ వెదురు తామే అమ్ముకున్నారు. అక్కడ నిర్ణయాలు ఓట్ల మెజారిటీతో కాకుండా అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుని తీసుకుంటారు, దానికోసం చదువుకునే మండలి కూడా పెట్టుకున్నారు. ఎవరినైనా తోడు తీసుకుని ఒకసారి వెళ్లి చూసిరండి.

మీరు చేయగలిగింది చాలా ఉంది. మీకు తెలుగు, మరాఠీ రెండూ వచ్చు, ఆఫీసు కాగితం చదవగలరు. మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లు మీ పొలాల్లోకీ వచ్చాయి కాబట్టి అడగకుండా తీసుకునే నిర్ణయం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సభలో గోండు, మాడియా పెద్దలు మాట్లాడేటప్పుడు వాళ్ల భాషలోనే రాయించండి, తెలుగులోకో మరాఠీలోకో తిప్పి రాసినప్పుడు చదివి వినిపించి సంతకం పెట్టించండి. అధ్యక్షుడు, కార్యదర్శి పదవులు వాళ్లకే వదలండి, లెక్కల పుస్తకం రాసే పని మీరు అడిగి తీసుకోండి. ఫారం సి మరాఠీలో తాలూకా ఆఫీసులో అడిగితే ఇస్తారు, ఇవ్వకపోతే గ్రామసభ తీర్మానం జత చేసి తెల్లకాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా మాత్రం వెనక్కి రావద్దు.